ఐదు ఎం.ఎల్.

మందు మోతాదు లెక్కల పరీక్ష మూడోసారి కూడా తప్పింది నర్సింగ్ విద్యార్థిని. 0.5 ఎం.ఎల్. అని రాయాల్సిన చోట 5 అని రాసింది.

“లెక్కంతా కరెక్టే కదా మేడమ్! ఒక్క పాయింటు మర్చిపోతే కాలేజీ నుంచి వెళ్ళగొడతారా?” అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

టీచరు ఒక ఎం.ఎల్. పట్టే సిరంజి, గ్లాసుడు నీళ్లు, పసిపిల్ల బొమ్మ తెచ్చి ముందు పెట్టింది.

“నువ్వు రాసినంతా దీనికి ఎక్కించు.”

ఒకసారి ఎక్కించింది. మళ్ళీ నింపి ఎక్కించింది. మూడోసారి నింపబోతూ చెయ్యి ఆపేసింది.

“ఇన్నిసార్లు ఎవరు నింపుతారు మేడమ్? ఎంత మొద్దుకైనా ఈపాటికి అనుమానం రాదూ?”

టీచరు తడిసిన బొమ్మ చెయ్యిని మెల్లగా తుడిచింది.

“నాకు రాలేదమ్మా. ఐదుసార్లూ నింపాను.”