కరపత్రం వెనకవైపు

“కాఫీ తాగితేగానీ కాగితం ఇవ్వను,” అంది సువార్తమ్మ గారు.

క్రిస్టినాకి నవ్వొచ్చింది, వెంటనే కళ్లూ చెమర్చాయి. ఈ గుమ్మం తొక్కి ఎనిమిదేళ్లయింది. ఆవిడ భర్త శాంతికుమార్ మాస్టారు పోయినప్పుడు కూడా రాలేదు. పాలకొల్లు కాలేజీలో తనకి జువాలజీ చెప్పి, లా కూడా చదవమని వెంటపడి, పేటెంట్ అటార్నీని చేసిందే ఆయన. మందులు, టీకాలు, సూక్ష్మజీవుల మీద పేటెంట్ రాయించాలంటే చెన్నైలో ఇప్పుడు అందరూ ఆమె పేరే చెబుతారు.

“పోయేదాకా నీ మాటేనే తల్లీ! ‘మా క్రిస్టినా ఉందిగా’ అనేవారు.”

“రావాలంటే సిగ్గేసిందండీ అమ్మగారూ.”

“సిగ్గేంటే, సొంతింటికి రావడానికి!”

రొయ్యల చెరువుకి వైట్ గట్ రోగం వస్తే తవుడు, బెల్లం, మాగిన అరటిపళ్లు పులియబెట్టి చల్లే పద్ధతి మాస్టారిది. ఇప్పుడు ఓ కంపెనీ దాన్నే తన పేర పేటెంట్ చేయించుకుని, సొంతంగా కలుపుకుంటున్న రైతులకి నోటీసులిచ్చింది. సువార్తమ్మ గారి తమ్ముడు విజయ్ పాల్‌కీ వచ్చింది. కంపెనీ కంటే ముందే ఇది పదిమందికీ తెలుసని చెప్పే, తేదీ ఉన్న కాగితం ఒక్కటి చూపిస్తే చాలు, ఆ పేటెంట్ ఎగిరిపోతుంది.

“ఆయన్ని ఎంత సతాయించానో! ‘లోకమంతా పేటెంట్లు తీసుకుంటోంది, మీరేమో దానకర్ణుడిలా పంచిపెట్టండి’ అని. అనకుండా ఉండాల్సింది.”

ఆవిడ బైబిలు తెరిచి, మడతపెట్టిన పసుపు కాగితం తీసింది. 2011 నాటి చర్చి మహాసభల కరపత్రం. వెనకవైపు ఖాళీగా ఉందని మాస్టారు చెరువు మందు తయారీ అంతా అచ్చు వేయించి, ఆరాధన అయ్యాక అందరికీ పంచారు. దేవుడి వాక్యం ఉన్న కాగితం ఎవరూ పారేయరని ఆయన నమ్మకం. పిచ్చి మాస్టారు! జనం బజ్జీలు చుట్టుకున్నారు.

“ఇంకెవరి దగ్గరైనా ఉందాండీ?”

“ఎక్కడిదే! విజయ్ పాల్ ఊరంతా తిరిగాడు. ఆ ప్రెస్సూ మూసేశారు.”

“ఫోన్‌లో ఫొటో ఏమైనా తీశారా?”

“నాది బటన్ల ఫోనేనే. నిన్ననే దొరికింది. రేపు విజయ్ పాల్ వస్తే ఇద్దామనుకున్నా. వాడికి ఆఫీసుల గోల ఏం తెలుసు? నువ్వు మన సంఘం పిల్లవి, పైగా లాయరువి. నీ చేతిలో ఉంటే దేవుడి చేతిలో ఉన్నట్టే.”

క్రిస్టినా కాగితం అందుకుని బ్యాగులో పెట్టుకుంది. “నన్ను క్షమించండమ్మగారూ,” అంటూ ఆవిడని పట్టుకుని భోరుమంది.

“పిచ్చిదానా, ఆలస్యమైతే ఏంటి, వచ్చావుగా!” సువార్తమ్మ గారు ఆమె తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

కాలువ వంతెన దాటాక క్రిస్టినా కారు పక్కకి ఆపింది. కళ్లు తుడుచుకుని చెన్నైకి ఫోన్ చేసింది.

“కాగితం దొరికింది సార్, మన పేటెంట్‌కి ఇంక ఢోకా లేదు.”