తొలి చాటింపు

"చెవిటోని చేతికి డప్పిస్తరా? ఊరు నవ్వుతది పంతులూ" అన్నాడు లింగమూర్తి పటేలు.

అంతయ్య పంతులు అరుగు ముందు నుంచి కదల్లేదు. పక్కనే ఎల్లేశం, తన తండ్రి డప్పును చంకన పెట్టుకుని, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. వాడికి పుట్టుచెవుడు. ఆ ఊళ్లో చాటింపుకు డప్పు కొట్టే పని తాతలనాటి నుంచీ వాళ్లింటిదే. తండ్రి పోయాక, వినపడనివాడికెందుకని పటేలు దాన్ని వేరేవాళ్లకిచ్చేశాడు. నిజాం రాజ్యం పోయింది గానీ ఆ ఊళ్లో పటేలు మాట ఎక్కడికీ పోలేదు. అప్పటినుంచి తల్లి బుచ్చవ్వ కూలి చేస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

చెన్నూరులో నలుగురు మనుషులు చందాలేసుకుని చెవిటి పిల్లల కోసం ఒక సంఘం పెట్టారు. అంతయ్య అందులో పని నేర్పే పంతులు. అక్కడ పని నేర్చుకుని సొంత ఊరికి తిరిగొచ్చిన మొదటివాడు ఎల్లేశం. వీడు ఊళ్లో నిలదొక్కుకుంటే తక్కిన తల్లిదండ్రులు కూడా నమ్మి పిల్లల్ని పంపుతారు. లేదంటే వీడు పశువుల వెంట, ఆ పిల్లలు ఇంటి మూలన. పంతులుకు ఆ భయం ఉంది.

"జర ఒక్కపారి సూడుండ్రి పటేలా. నచ్చకుంటే నేనే తోల్కపోత."

"ఏం సూసుడు? చెవిటోని ముంగట శంఖం ఊదుడే గద."

"శంఖం ఊదెటోడే వాడైతే?"

పటేలు నవ్వలేదు. ఆయన మనవరాలు అమ్మవారు పోసి చనిపోయి నెల కూడా కాలేదు. దుఃఖంలో ఉన్న ఇంట్లో పరాచికమాడినందుకు పంతులు నాలుక కరుచుకుని, ఎల్లేశం వైపు తిరిగి సైగ చేశాడు.

ఎల్లేశం డప్పు కొట్టసాగాడు. ఆ దెబ్బ వాడికి చెవిలో కాదు, రొమ్ములో తెలుస్తుంది. పంతులు చెయ్యి ఎత్తగానే ఆపాడు. దించగానే మళ్లీ మొదలుపెట్టాడు. చాటింపు వేసే మనిషి చెయ్యెత్తి మాట చెబుతాడు, చెప్పడం అయ్యాక దించుతాడు. అంతే లెక్క.

అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డ సుంకరి రాయమల్లు, "తండ్రి తీర్గనే కొడుతుండు" అని గొణిగాడు. ఊళ్లో చాటింపులు వేసేది అతనే.

పటేలు చాలాసేపు ఎల్లేశాన్నే చూశాడు.

"వీనికి నిజంగ ఏం ఇనరాదా?"

"పిడుగు వడ్డా ఇనరాదు పటేలా."

"మన మూతి సూసి మాట పసిగడుతడా?"

"లే, గది ఇంకా నేర్పలే. చేతి సైగ తప్ప ఏం తెల్వది" అన్నాడు పంతులు, తప్పు తనదే అయినట్టు.

"అయితే ఇయ్యాల్నే కొట్టనీ. చాటింపు ఉన్నది."

రాయమల్లు తలెత్తాడు. "దొరా, వీనితోనా?"

"పొద్దుగాల ఏమంటివిరా? డప్పోళ్లిద్దరికీ జొరాలొచ్చినయంటివి. దేవుడు పంపినట్టు వీడొచ్చిండు. ఇంకేం గావాలె నీకు?"

రాయమల్లు నేల చూపులు చూస్తూ బయటికి నడిచాడు. ఎల్లేశం పంతులు కాళ్లు మొక్కి, అతని వెనక పరుగు లాంటి నడకతో వెళ్లాడు.

పంతులు కూడా వాళ్ల వెంట కదలబోతే పటేలు ఆపాడు. "మీరు కూసోండ్రి. చాయ్ తాగి పోదురు."

చాయ్ తాగుతున్నంతసేపూ డప్పు ఒక్కో వాడా దాటుతూ దూరమైంది. మాటలు అందలేదు గానీ దెబ్బ మాత్రం ఎక్కడా తప్పలేదు. మనవరాలిని పోగొట్టుకున్న దుఃఖమే పటేలు మనసును కరిగించిందనుకున్నాడు పంతులు. దండం పెట్టి, ఈ కబురు బుచ్చవ్వకు చెప్పాలని ఊరి చివరి వాడకు వెళ్లాడు.

బుచ్చవ్వ అప్పటికే గుమ్మంలో ఉంది. కొడుకు కోసం చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. పక్కింటి పోచవ్వ మనవడిని ఎత్తుకుని ఆమెతో మాట్లాడుతోంది.

"ఇంటున్నవా సారూ? అచ్చం వాళ్ల బాపు దెబ్బనే" అంది బుచ్చవ్వ. "పొద్దుగాల మా పొయ్యిల నిప్పు లేకుంటే, డప్పు కాపుమని గీ పోచవ్వనే ఇచ్చింది. ఇగ నేను సచ్చినా ఫికర్ లేదు. వాన్ని ఊరే సాదుతది."

అంతలో పోచవ్వ పెనిమిటి బజారు వైపు నుంచి గబగబా వచ్చి, ఆమె చెవిలో ఏదో చెప్పాడు. పోచవ్వ ఒక్కసారి బుచ్చవ్వ ముఖంలోకి చూసింది. చంకలో పిల్లవాడి కళ్లకు కొంగు అడ్డం పెట్టి, ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

"గిదేంది, చెప్పకుంట పోయింది?" అంది బుచ్చవ్వ.

డప్పు వాడలోకి తిరిగింది. ఎల్లేశం చెమటతో తడిసిపోయాడు, ముఖం మాత్రం వెలిగిపోతోంది. తల్లిని చూడగానే రొమ్ము విరుచుకున్నాడు. రాయమల్లు సరిగ్గా వాళ్ల గుమ్మం ముందు ఆగి, ఎవరి వంకా చూడకుండా చెయ్యెత్తాడు. డప్పు ఆగింది.

"ఇనుండ్రో ఊరోళ్లారా. పటేలు మనవరాలిని బుచ్చవ్వ మంత్రాలు జేసి సంపింది. ఇయ్యాల్టి సంది బుచ్చవ్వకు ఎవ్వలు నిప్పియ్యద్దు, నీళ్లియ్యద్దు, కూలికి పిలువద్దు, మాట్లాడద్దు. గిది పటేలు హుకుం."

రాయమల్లు చెయ్యి దించాడు. తల్లి చూస్తోంది కదా అని, ఎల్లేశం ఆ పొద్దంతా ఎక్కడా కొట్టనంత గట్టిగా డప్పు కొట్టాడు.