రెండు గంటల బస్సు

“నిద్రమ్మ వస్తోంది. కళ్ళు తెరిచి పడుకోండ్రా” అన్నాడు కండక్టరు.

డిపో విశ్రాంతి గదిలో బెంచీల మీద వాలిన డ్రైవర్లు నవ్వారు. సంచీతో లోపలికొచ్చిన ఆవిడ పట్టించుకోలేదు. అందులోంచి పోస్టరు తీసి గోడకున్న మేకుకు తగిలించింది. నోరు తెరిచి పడుకున్న మనిషి బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో ‘గురక గాఢనిద్రకు గుర్తు కాదు’.

ఆవిడ ఈ డిపోకి రావడం ఇది తొమ్మిదో వారం. ఎక్కడో జరిగిన బస్సు ప్రమాదం తర్వాత ఉన్న ఉద్యోగం మానేసి ఈ తిరుగుడు పెట్టుకుందని చెప్పుకునేవారు. అంతకుమించి ఎవరూ అడగలేదు. కనీసం పదిమంది పేర్లిస్తే నిద్ర పరీక్ష చేసే యంత్రంతో ఆసుపత్రివాళ్ళు ఇక్కడికే వస్తామన్నారు. గడువు ఈరోజే ఆఖరు. కాగితం మీద ఉన్నవి మూడు పేర్లు. వాటిలో ఒకటి డిపో ఊడ్చే ఆమెది, జాలిపడి రాయించింది.

“రోజుకెన్ని గంటలు పడుకుంటున్నారన్నా?” అని ఎదుటి డ్రైవర్ని అడిగింది.

“బండి ఎన్ని గంటలు ఆగితే అన్ని గంటలు.”

“ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు కదమ్మా. మాకు స్టీరింగే తలగడ” అన్నాడు పక్కనున్నతను. మళ్ళీ నవ్వులు.

మూలనున్న పెద్ద డ్రైవరు నవ్వలేదు. చేతిలో టీ గ్లాసు ఉండగానే అతని తల వాలిపోయింది. గురక గదంతా వినిపించి, ఉన్నట్టుండి ఆగింది. ఆవిడ చేతిగడియారం చూస్తూ లెక్కపెట్టింది. పది. ఇరవై. ఇరవై ఆరు. అప్పుడతను ఉక్కిరిబిక్కిరవుతూ ఊపిరి లాక్కుని కళ్ళు తెరిచాడు. టీ ప్యాంటు మీద ఒలికింది.

“అన్నా, ఇరవై ఆరు సెకన్లు మీకు ఊపిరి ఆడలేదు.”

“ఆడింది కాబట్టేగా మాట్లాడుతున్నా.”

“ఇప్పుడేం డ్యూటీ?”

“మధ్యాహ్నం రెండు గంటల కొండ బస్సు.”

“నిన్న?”

“నిన్నా అదే. మొన్న రెండు డ్యూటీలు.”

“డ్యూటీకి పది గంటల లెక్కన ఈ ట్రిప్పుతో మూడు రోజుల్లో నలభై గంటలు” అంది ఆవిడ, వేళ్ళయినా ముడవకుండా. “ఈ ఒక్క పూట మానెయ్యండి. పరీక్షకి పేరు రాయండి.”

“జబ్బని తేలితే స్టీరింగు మీంచి దించేస్తారమ్మా. ఇంట్లో ఐదుగురు నా మీదే ఆధారపడ్డారు.”

అతను గ్లాసు పెట్టి బయటికి నడిచాడు. ఆవిడ వెంటపడింది. నచ్చజెప్పింది, బతిమాలింది, చివరికి వంగి కాళ్ళు పట్టుకోబోయింది. అతను కంగారుగా వెనక్కి జరిగి బస్సెక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజను మొదలైంది. ఆవిడ పరుగున వెళ్ళి బస్సుకు అడ్డంగా నిలబడింది. రెండు అరచేతులూ బస్సు ముఖానికి ఆనించింది. ఇనుము వేడిగా కాలుతున్నా తియ్యలేదు.

హారను మోగింది. మళ్ళీ మోగింది. విశ్రాంతి గదిలోని వాళ్ళంతా బయటికొచ్చారు.

“తప్పుకోండమ్మా, టైమైపోయింది.”

“తప్పుకోను. నా మీదుగా పోనివ్వండి.”

“మాకు లేని దిగులు మీకెందుకమ్మా? అసలు మీకేం పట్టింది?”

ఆవిడ కన్నీళ్ళు భుజానికి తుడుచుకుంది.

“ఆయనా కొండ దారి డ్రైవరే. ఆ పొద్దున సెలవడిగారు. మూడు రోజుల్నించి వరస డ్యూటీలు, కళ్ళు మూతలు పడుతున్నాయి, ఈ ఒక్క పూటకి వదిలెయ్యమన్నారు. సెలవు దొరకలేదు. కుళాయి దగ్గర మొహం కడుక్కుని, తడైనా తుడుచుకోకుండా బండెక్కారు. ఎనిమిదో మలుపులో బ్రేకు వేసిన గుర్తు కూడా లేదన్నా. పద్నాలుగు మంది. కళ్ళు మూస్తే ఇప్పటికీ నాకు ఆయన తడిమొహమే కనిపిస్తుంది.”

కండక్టరు తల దించుకున్నాడు.

పెద్ద డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. ఆవిడ చేతుల్ని బస్సు మీంచి మెల్లగా తీశాడు. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి.

“ఏడవకు చెల్లెమ్మా. ఆ కాగితం ఇలా ఇవ్వు” అన్నాడు. తన పేరు రాశాడు. “మొన్న ఒక మలుపు నాకు గుర్తే లేదు. దాటేశాక తెలిసింది. ఇంట్లో కూడా చెప్పలేదు.”

కాగితం కండక్టరు చేతికి వెళ్ళింది, అక్కణ్ణించి పక్కవాళ్ళకి. పదమూడు పేర్లయ్యాయి. డ్యూటీలు వేసే గుమాస్తా గొణుక్కుంటూ వచ్చాడు గానీ, అందరి మొహాలూ చూసి వెనక్కి తగ్గాడు. చార్టులో పేరు కొట్టేసి, రెండు గంటల బస్సుకి వేరే డ్రైవర్ని పంపాడు.

పెద్ద డ్రైవరు ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఆవిడ గుక్క తాగి గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది.

“మీ ఆయన కళ్ళు తెరవలేకపోతున్నానని మొర పెట్టుకుంటే సెలవు లేదన్నాడే, వాడు మనిషేనా?” అన్నాడతను. “పద్నాలుగు ప్రాణాలు పోయాక కూడా వాడికి నిద్రెలా పడుతోందమ్మా?”

“పట్టడం లేదు” అంది ఆవిడ.

అతను అర్థంకానట్టు చూశాడు.

“ఆయన నా భర్త కాదన్నా. ఆ డిపోలో డ్యూటీలు వేసే గుమాస్తాగా సెలవు లేదన్నది నేనే.”