మట్టికోటకు వచ్చే మనిషి

పురావస్తు శాఖ నుంచి ఉత్తరం వచ్చిన రోజే ఆ ముసలాయన మళ్ళీ వచ్చాడు.

ఫింటన్ గాఫ్నీ అసలే మండిపోతున్నాడు. గడ్డికోతకు అడ్డమని పొలం నడుమ ఉన్న పాత మట్టికోట కట్టను మిషను పెట్టి కాస్త గీకించాడు. అది వెయ్యేళ్ళ నాటి రక్షిత కట్టడమనీ, ఇంకో పార దెబ్బ పడితే కోర్టుకు రావాలనీ ఉత్తరంలో రాశారు.

ఎవరు చెప్పి ఉంటారు?

ఏటా మే నెలలో సైకిలు మీద వచ్చి, ఆ గుండ్రటి కట్ట లోపల ముళ్ళకంప నరికి, టోపీ తీసి కాసేపు నిలబడి పోయేది ఈ ఒక్క మనిషే. పక్క ఊరి తాపీమేస్త్రీ మాలకీ డిగ్నన్ అని ఎవరో చెప్పారు.

ఫింటన్ గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"ఉప్పందించింది నువ్వేగా పెద్దాయనా?"

"నేనెవరికీ ఏమీ చెప్పలేదు బాబూ. ఐదు నిమిషాలు నిలబడి వెళ్ళిపోతాను."

"లోపల మీ తాతల సొత్తేమైనా ఉందా?"

"నాదంటూ ఏమీ లేదు."

ముసలాయన ఇంకేదో అనబోయాడు. ఇంటి కిటికీలో కూర్చున్న ఫింటన్ తల్లి వంక చూసి ఊరుకున్నాడు.

మళ్ళీ కనిపిస్తే కుక్కను వదులుతానన్నాడు ఫింటన్.

మరుసటి మే నెలలో ఆయన రోడ్డు గోడ అవతలే నిలబడ్డాడు, వానలో, టోపీ తీసి చేత్తో పట్టుకుని. ఫింటన్ చూసీ చూడనట్టు ట్రాక్టరు పోనిచ్చాడు.

ఆ పై ఏడు రాలేదు.

ఆ తరవాతి ఫిబ్రవరిలో ఒక పొద్దున, ఊరి రేడియోలో రోజూ చదివే చావు కబుర్లలో మాలకీ డిగ్నన్ పేరు వినబడింది. తల్లి అట్రాక్టా టీ కప్పు కింద పెట్టి శిలువ గుర్తు వేసుకుంది.

"నీకు తెలుసా అమ్మా? ఏటా కోట దగ్గరకొచ్చేవాడు. నేనే తరిమేశాను."

"తరిమావా?"

ఆమె కిటికీలోంచి కోట వైపు చూసింది. యాభై ఏళ్ళుగా నోరు విప్పి ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. ఫింటన్‌కు ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. బాప్తిస్మం నీళ్ళు పడకముందే పోయింది. అలాంటి బిడ్డకు చర్చి నేలలో చోటు లేదన్నాడు ఫాదిరీ. ఆ రోజుల్లో అలాంటి పసివాళ్ళందరినీ మట్టికోటల్లోనే పూడ్చిపెట్టేవారు.

"మీ నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు, లేవలేకపోయాడు. మన కొట్టం కట్టడానికొచ్చిన ఆ మేస్త్రీయే చెక్కలు కొట్టి చిన్న పెట్టె చేశాడు నాయనా. మీ అక్కను రెండు చేతులా ఎత్తుకుని ఆ కట్ట దాటింది, దానికో పేరు పెట్టి ప్రార్థన చెప్పింది ఆయనొక్కడే."