చిటికెడు నొప్పి

"సిస్టరమ్మా, నొప్పి. రాండమ్మా."

ఎలీసమ్మ కేకకి ఆడవాళ్ళ వార్డంతా ఇటు తిరిగింది.

పక్క మంచం మీద శ్యామలాంబ మొహం చిట్లించింది. ఆవిడ బడిపంతులు రామచంద్రమూర్తిగారి భార్య. ఎలీసమ్మ నల్లపాడు వైపు మిరపకోతల కూలీ. ఇద్దరికీ ఒకేరోజు పొట్ట ఆపరేషన్లయ్యాయి.

నర్సు రహిమున్నీసా వచ్చింది. వార్డు మొత్తానికి ఆవిడొక్కతే.

ఎలీసమ్మ మీదికి వంగింది. ఎలీసమ్మ ఏదో గొణిగింది.

తర్వాత నర్సు శ్యామలాంబ వైపు తిరిగింది.

"మీకెంతమ్మా నొప్పి? చిటికెడా, గుప్పెడా, గంపెడా?"

"చిటికెడే."

నలుగురిలో నొప్పి చెప్పుకోవడం శ్యామలాంబ ఇంటా వంటా లేదు.

రహిమున్నీసా కఫం పట్టకుండా, కుట్ల మీద దిండు అదిమిపట్టి ఆవిడ చేత దగ్గించింది. మరిగించిన సిరంజి తెచ్చి ఇద్దరికీ సూది వేసింది.

అడక్కుండానే వేసిందంటే డాక్టరుగారు రాసుంటారు అనుకుంది శ్యామలాంబ. రోజూ ఇదే వరస.

"ఏమండీ, ఆ కేకలకి నాకు కంటిమీద కునుకు లేదు. ఇంత ఓర్పులేని మనిషిని ఎక్కడా చూళ్ళేదు," అంది చూడ్డానికొచ్చిన భర్తతో.

పంతులుగారు వెళ్ళి పెద్ద డాక్టరుతో మాట్లాడారు. మధ్యాహ్నానికి ఎలీసమ్మ మంచాన్ని వరండా చివరికి లాగేశారు.

"నొప్పి దాచుకోమాకండి అమ్మగారూ," అంది ఎలీసమ్మ పోతూ పోతూ.

శ్యామలాంబ గోడవైపు తిరిగింది.

వార్డులో ఇప్పుడు ఏ గోలా లేదు. సాయంత్రం నర్సు వచ్చి అడిగింది. "చిటికెడే," అంది శ్యామలాంబ. నర్సు నమ్మి వెళ్ళిపోయింది.

మర్నాటికి ఆ ఓర్పంతా చచ్చిపోయింది. నర్సు కనబడగానే ఏడ్చేసింది.

"గంపెడు, సిస్టర్."

రహిమున్నీసా గబగబా సూది వేసి, పక్కనే కూర్చుంది.

"ఇన్నాళ్ళూ అడక్కుండానే వేశారు కదమ్మా. నిన్న ఎందుకు వెయ్యలేదు?"

"మీరు చిటికెడన్నారు. కాదని చెప్పే మనిషి పక్కన లేదు." నర్సు కళ్ళు తుడుచుకుంది. "ఎలీసమ్మ పొద్దున పోయిందండి."

శ్యామలాంబ వరండా వైపు చూసింది.

"పొట్ట కోసి చూసి, లాభం లేదని మళ్ళీ కుట్టేశారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు."

"అయ్యో. అందుకా తల్లీ అంతలా అరిచింది. నేనేమో..."

"తనకోసం ఎప్పుడరిచిందమ్మా? నేను వంగగానే, 'పక్కమ్మగారికి గంపెడుంది, సిగ్గుపడి చెప్పట్లేదు, ముందు ఆయమ్మని చూడండి' అనేది. మరి నీకెంతే అని అడిగితే, చిటికెడే అనేది."