చెరువులో వేసిన వరి

"మన పొలం నష్టం జాబితాలో లేదు మామయ్యా," అంది కోడలు కంప్యూటర్ వైపు చూస్తూ. ఉపగ్రహం తీసిన ఫొటోల్లో వరద నీళ్లు ఎక్కడున్నాయో గుర్తించి, ఎవరి పంట ఎంత పోయిందో తేల్చడం ఆమె ఉద్యోగం.

మోకాళ్ల దాకా బురదతో ఆమె ఆఫీసుకి వచ్చిన మామగారు కుళ్లిన వరికంకుల్ని బల్ల మీద పెట్టాడు. "మరి ఇవేంటమ్మా?"

ఆమె పటాన్ని పెద్దది చేసింది. పొలమంతా నీలంగా ఉంది. "నీళ్లయితే ఉన్నాయి. కానీ అది చెరువట."

"మా తాత దున్నిన నేల! చెరువెప్పుడైంది?"

"మూడేళ్లు వరసగా ఇదే నెలలో నీళ్లు కనిపిస్తే చెరువు కింద లెక్క. చెరువుకి పంటనష్టం ఉండదు కదా."

"అంటే ఒకసారి మునిగితే రైతు, ఏటా మునిగితే చేపా? ఎవడమ్మా ఆ నియమం పెట్టిన మహానుభావుడు?"

పక్క బల్ల గుమాస్తా సంబరంగా తలెత్తాడు. "ఇంకెవరండీ, మేడమే! పోయినేడు దానికే కదా సన్మానం చేశారు."

గోడ మీద ఆ సన్మానం ఫొటో ఉంది. మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నది మామగారే. ఆయన ఫొటోనీ చూశాడు, కోడల్నీ చూశాడు.

ఆమె పటాన్ని మెల్లగా పక్కకు జరిపింది. చెరువులని వదిలేసిన నీలిమచ్చలు ఇంకో పాతిక దాకా ఉన్నాయి. ఏ చెరువూ చెరువులా లేదు. అన్నీ నలుపలకలుగా, నడుమ గట్లతో, అచ్చం మామగారి పొలంలాగే ఉన్నాయి.