అరగంట దూరం

“రిపోర్టులో ‘చేరలేదు’ కొట్టేసి ‘చేరాం’ అని రాయి. కింద సంతకం పెట్టు. ఒక్క నిమిషం పని,” అంటూ సుందరరావు పెన్ను ముందుకు తోశాడు.

వెంకటేశం పెన్ను ముట్టలేదు.

సుందరరావు యూనివర్సిటీ పర్వతారోహణ సంఘానికి కార్యదర్శి. హిమాలయాల్లో పందొమ్మిది వేల అడుగుల శిఖరం ఎక్కడానికి వెళ్లి, నిన్ననే ఊరికి తిరిగొచ్చిన జట్టుకు వెంకటేశం నాయకుడు. జట్టంటే ఎంతో మంది కాదు, తనూ, ఉమాపతీ. వీళ్లింకా రైల్లో ఉండగానే సుందరరావు తొందరపడి ‘మనవాళ్లు శిఖరం ఎక్కేశారు’ అని పేపరుకు చెప్పేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! సాయంత్రం అయిదుకు సన్మాన సభ. తార్నాక నుంచి దండలు కూడా వచ్చేశాయి. ఇప్పుడు టైము నాలుగున్నర.

“ఎక్కలేదు సార్. ఎక్కినమని ఎట్ల రాస్త?”

“ఎంత దూరంలో ఆగారు?”

“ఇంకో అరగంట ఉంటది.”

“పదిహేను రోజులు నడిచి, అరగంట ముందు వెనక్కొచ్చావా! అదేమన్నా నిట్టనిలువు గోడా? అందరూ పోయే దారే కదా. కొండవెన్ను పట్టుకుని తిన్నగా పోవడమే. ఏడేళ్ల కిందట, అరవై ఒకటిలో, మాస్టారు ఆ దారినే ఎక్కలేదూ?”

మాస్టారంటే అచ్యుతరామయ్యగారు. భూగర్భశాస్త్రం లెక్చరరు, సంఘానికి అధ్యక్షుడు. క్యాంపస్‌లో ఎవరినడిగినా ‘శిఖరం సారు’ అంటారు. వెంకటేశానికి కొండల పిచ్చి పట్టింది ఆయన్ని చూసే. ఆయన కిటికీ పక్కన కూర్చుని రిపోర్టు నకలు చదువుతున్నారు. తల ఎత్తడం లేదు. సుందరరావు మాటలకంటే అదే వెంకటేశాన్ని ఎక్కువ బాధపెట్టింది.

“సంతకం పెట్టకపోతే వచ్చే నెల శిక్షణకు నీ పేరు పంపను. సంఘంలోంచి కూడా తీసేస్తాను. ఆ తర్వాత కొండలు కాదుగదా, మీ లాలాపేటలో మేడమెట్లు ఎక్కుతూ కూర్చో.”

ఆ శిక్షణ కోసమే వెంకటేశం రెండేళ్లుగా ఒళ్లు హూనం చేసుకున్నాడు. పక్కనే ఉన్న ఉమాపతి మోచేత్తో పొడిచాడు.

“రాసెయ్ భై. గాడికొచ్చి ఎవడు చూసిండు? మీ అమ్మ వాడకట్టంత చెప్పుకున్నది.”

“నువ్వు చూసినవ్. నేను చూసిన. చాలదా?”

సుందరరావు పెన్ను వెనక్కి లాక్కుని, శిక్షణ జాబితా ముందు పెట్టుకుని, వెంకటేశం పేరు వెతకసాగాడు.

“వెంకటేశం,” అన్నారు అచ్యుతరామయ్యగారు మొదటిసారిగా. “మీరు ఆగిన చోటు ఎలా ఉంది?”

“బల్లపరుపుగ ఉన్నది సార్. పదిమంది కూసోవచ్చు. మబ్బు కమ్మి ఏం కానొస్తలేదు. గదే శిఖరమనుకున్నం. ఉమాపతి గంతులేసిండు. ఇద్దరం అలాయిబలాయి తీసుకున్నం. గంతలనే గాలికి మబ్బు జరిగింది. చూస్తే కొండవెన్ను ఇంకా పైకి పోతున్నది.”

“ఎంతసేపు కనబడింది?”

“రెండు నిమిషాలు సార్. మళ్ల మూసుకున్నది. మంచు మొదలైంది. ఉమాపతి కాళ్లు మొద్దుబారినయ్. ఇగ దిగినం.”

“ఎడమ పక్కన?”

“లోయ. అంచుకు నల్లరాయి ఒకటున్నది, ఎద్దు మూపురం లెక్క.”

ఆయన కళ్లు మూసుకున్నారు. ఇంత గుచ్చి గుచ్చి అడుగుతున్నారంటే, అక్కడిదాకా కూడా వెళ్లలేదని అనుమానం కాబోలు, అనుకున్నాడు వెంకటేశం. ఉన్న పరువూ గంగలో కలిసింది.

“ఇంకేమైనా కనిపించిందా అక్కడ? రిపోర్టులో రాయనిది?”

వెంకటేశం నసిగాడు. “కొబ్బరిచిప్పలు సార్. రెండు. రాళ్ల సందుల ఇరుక్కొని ఉన్నయ్. రాస్తే నవ్వుతరని రాయలే.”

సుందరరావు పకపకా నవ్వాడు. “విన్నారా మాస్టారూ! హిమాలయాల నెత్తిన కొబ్బరిచిప్పలట! కోతలకైనా హద్దుండాలి. అంత ఎత్తుకు కాయ మోసుకెళ్లి ఎవడు కొడతాడండీ?”

అచ్యుతరామయ్యగారు మెల్లగా లేచి బల్ల దగ్గరికి వచ్చారు. రిపోర్టులో ‘చేరలేదు’ అన్న మాటను అలాగే ఉంచి, అధ్యక్షుడి సంతకం ఉండాల్సిన చోట తన సంతకం పెట్టారు.

“ఆ కాయ నేనే కొట్టాను సుందరరావూ, అదే శిఖరమనుకుని.”